మెడ దగ్గరి రంగు

“ముందు ఆ అమ్మాయికి ఒక పొడి చొక్కా తెప్పించండి. ప్రశ్నలు తర్వాత అడుగుదురుగాని.”

ఎంపీ గారి ఆఫీసులోకి అడుగు పెడుతూనే కెప్టెన్ ఒదీల్ గ్రాన్‌వో అన్న మొదటి మాట అది.

శవం లోపలి గదిలో ఉంది. ముందు గదిలో, గోడకు ఆనించిన పూలచక్రం పక్కన, ఎంపీ గారి సహాయకురాలు మైలిస్ రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చొక్కా ముందు భాగమంతా తడిసిపోయి ఉంది. ఎదురుగా నిలబడ్డ కమాండర్ ఫాబ్రిస్ దుక్రో ఆ తడిని చూసి కన్నీళ్ళనుకున్నాడు. ఇద్దరు పిల్లల్ని సాకిన ఒదీల్‌కు అవి పాలని చూడగానే తెలిసిపోయింది.

“బాబా, పాపా?”

“బాబు, మేడమ్. లినో. ఏడో నెల.” మైలిస్ వీధి తలుపు వైపు చూసింది. “తెల్లారకముందు పట్టానంతే. వాడు సీసా ముట్టడు. ఎంత ఆకలేసినా ముట్టడు.”

“ఎవరి దగ్గరున్నాడు?”

“పక్కింటి యుగెత్ బామ్మ దగ్గర. ఇవాళ సెలవు కదా, శిశుకేంద్రం తియ్యలేదు.”

ఒదీల్ తన మెడలోని ఉన్ని కండువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

“అయిందా సేవ?” అన్నాడు దుక్రో. “నువ్వు కండువాలు పంచుకుంటూ కూర్చో ఒదీల్. ఇక్కడ కేసు అయిపోయింది.”

దుక్రో జిల్లా కేంద్రంలోని క్రైమ్ బ్రాంచి మనిషి. వాల్‌కోంబ్ లాంటి చిన్న ఊళ్ళో ఏదైనా పెద్ద కేసు తగిలితే చాలు, గద్దలా వాలిపోతాడు. పత్రికల వాళ్ళ ముందు మాట్లాడేది ఎప్పుడూ అతనే. ఊరి స్టేషన్ చూసే ఒదీల్‌కు మిగిలేది సంతకాలు. ఈసారి కేసు ఎవరికివ్వాలన్నది ప్రాసిక్యూటర్ ఇంకా తేల్చలేదు. రెండు గంటలకు ఫోన్ చేస్తానన్నాడు.

“అంత తొందరగా అయిపోయిందా? చెప్పు, వింటాను,” అంది ఒదీల్.

“ఇవాళ నవంబరు పదకొండు, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు. పదకొండు గంటలకు చౌరస్తాలో అమరవీరుల స్తంభం దగ్గర సభ. మేయరూ, ఎంపీ మూడు రంగుల పట్టీలు భుజాన వేసుకుని పూలు పెట్టాలి. మన ఎంపీ ఓబ్రియో గారు పట్టీ వేసుకున్నారు, బయల్దేరబోతున్నారు. ఎవరో తోశారు. తల వెనుక భాగం చలిమంట గూటి పాలరాతి అంచుకు తగిలింది. పట్టీ వేసుకున్నాడంటే సభ టైమైందన్నమాట. అంటే పదిన్నర దాకా మనిషి బతికే ఉన్నాడు. పది నుంచీ ఈ ముందు గదిలో ఉన్నదెవరు? ఈవిడ ఒక్కతే. వేరే ఎవరూ రాలేదని తనే చెప్పింది. ఇంకేం కావాలి నీకు?”

“డాక్టరేమన్నాడు?”

“తొమ్మిదీ పదకొండు మధ్య అన్నాడు. గది వేడిగా ఉందట, అంతకన్నా కచ్చితంగా చెప్పలేడట. ఆయన చెప్పకపోతే ఏం, పట్టీ చెప్తోందిగా.”

మైలిస్ తల పైకెత్తింది. “నేను సార్‌ని ఎందుకు చంపుతాను? పురిటికి వెళ్ళినప్పుడు నా ఉద్యోగం వేరేవాళ్ళకి ఇవ్వకుండా నాలుగు నెలలు ఒక్కరే అన్నీ చూసుకున్నారాయన!”

“కస్టడీకొచ్చాక తీరిగ్గా చెబుదువుగాని. కోటు తొడుక్కో.”

“కస్టడీ అంటే... ఎంతసేపు?”

“ఇవాళా, రేపూ. నోరు విప్పేదాన్ని బట్టి.”

“మరి లినో?” అంటూ లేవబోయి మళ్ళీ కూలబడింది. “మేడమ్, వాడు సీసా ముట్టడు మేడమ్!”

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. మేయర్ రోలాండ్ పెర్నే లోపలికి వచ్చింది. చౌరస్తా నుంచి తిన్నగా వచ్చినట్టుంది, నల్ల కోటు మీద మూడు రంగుల పట్టీ అలాగే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఊరికి ఆవిడే మేయరు. ఊళ్ళో సగం జంటలకు పెళ్ళి చేసింది ఆవిడే. ఆవిడని చూడగానే దుక్రో జేబులోంచి చేతులు తీసేసి సర్దుకుని నిలబడ్డాడు.

“పూలు పెట్టేశాం,” అంది రోలాండ్ నీరసంగా. “ఆయన పూలచక్రం లేకుండానే. బ్యాండు వాళ్ళకి ఏం చెప్పాలో తెలీలేదు, వాయించేయమన్నాను. కెప్టెన్ గారూ, నిజమేనా? గిలాన్ ఇక లేడా?”

“లేరు మేయర్ గారూ. మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు ఆయనతో?”

“శనివారం. ఒక పెళ్ళి విందులో. జున్ను ఎక్కువ తింటున్నావు, డాక్టరు తిడతాడని నేనే కసిరాను.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “ఇవాళ తొమ్మిదిన్నర నుంచీ నేను స్తంభం దగ్గరే ఉన్నాను. ఫైర్ సిబ్బంది, స్కూలు పిల్లలు, అందరూ అక్కడే. గిలాన్ ఏడీ ఏడీ అని అడుగుతూనే ఉన్నాను.”

అడగకుండానే టైము చెప్పింది. అయినా ఇలాంటప్పుడు చాలామంది అలాగే చెప్తారు. ఒదీల్ పట్టించుకోలేదు. మనసంతా తడిచొక్కా దగ్గరే ఉంది.

రోలాండ్ మైలిస్ దగ్గరికి వెళ్ళి తల నిమిరింది. “అయ్యో తల్లీ, ఏమిటిది? పిల్లాడెక్కడ?”

“యుగెత్ బామ్మ దగ్గర...”

“మోకాళ్ళ నొప్పులతో తనే మంచం దిగలేదు, ఆవిడేం చూస్తుంది? నేను వెళ్ళి నీ దగ్గరికి తీసుకొచ్చేస్తాను. తల్లిని ఉంచుకుంటే ఉంచుకున్నారు, పిల్లాణ్ణి మాడ్చడం ఏమిటి? ఏం కెప్టెన్ గారూ, నే తేవచ్చా?”

“తప్పకుండా తీసుకురండి,” అంది ఒదీల్. “మీ మేలు మర్చిపోను మేయర్ గారూ.”

రోలాండ్ వెళ్ళిపోయింది.

“ఊరికి తల్లిలాంటి మనిషి,” అన్నాడు దుక్రో.

“పిల్లాడొచ్చి పాలు తాగేదాకా ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది. అప్పటిదాకా నేను మాట్లాడతాను. నీకేమన్నా అభ్యంతరమా?”

“మాట్లాడుకో. రెండింటికి ప్రాసిక్యూటర్ ఫోన్ రాగానే నా బండి ఎక్కుతుంది. అంతే.”

ఒదీల్ కుర్చీ లాక్కుని మైలిస్‌కి దగ్గరగా, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుంది.

“పొద్దున్నుంచీ చెప్పు.”

“పదింటికి వచ్చాను. పూలకొట్టు నుంచి చక్రం తీసుకుని. సార్ గది తలుపు వేసి ఉంది. ఫోన్‌లో ఉన్నారేమో అనుకున్నాను. తలుపు వేసి ఉంటే కొట్టకూడదు, అది ఆయన పద్ధతి. చక్రానికి రిబ్బను సరిచేస్తూ కూర్చున్నాను. పదకొండు అవుతోంది, ఇంకా రారేంటని తలుపు తీశాను.” ఆమె కండువా దగ్గరికి లాక్కుంది. “గూటి ముందు పడి ఉన్నారు. లేపుదామని చెయ్యి పట్టుకున్నాను. గది ఉడికిపోతోంది.”

“ఉడికిపోవడం ఏమిటి?”

“హీటరు ఫుల్లుగా పెట్టి ఉంది. ఆయన ఎప్పుడూ పెట్టరు. చలేస్తే ఇంకో స్వెట్టరు వేసుకో అనేవారు. జనం పన్నులతో మనం వెచ్చగా కూర్చోకూడదని.”

దుక్రో కిటికీ దగ్గర నిలబడి నవ్వాడు. “పండగ కదా, ఆ ఒక్కరోజు పెట్టుకున్నాడులే.”

ఒదీల్ అతని వైపు చూడలేదు. “పట్టీ సంగతి చెప్పు. ఇక్కడే వేసుకుని బయల్దేరేవారా?”

“లేదు మేడమ్. జేబులో మడిచి పెట్టుకునేవారు. కారులో కూర్చుంటే నలిగిపోతుందని స్తంభం దగ్గరికి వెళ్ళాకే వేసుకునేవారు. అదీ నేనే వెయ్యాలి. కుడి భుజం పట్టేసింది ఆయనకి, చెయ్యి పైకి లేవదు. రెండేళ్ళ నుంచీ ప్రతి సభకీ నేనే వేశాను.”

“విన్నావా?” దుక్రో చటుక్కున తిరిగాడు. “తనే వేస్తుందట! తనంతట తను వేసుకోలేని మనిషికి ఇవాళ పట్టీ ఎవరు వేశారు మరి? ఇది తప్ప ఇంకెవరు?”

తను చెప్పిన మాట తన మెడకే చుట్టుకుందని మైలిస్‌కు అప్పుడు తెలిసింది.

ఒదీల్ గొంతు తగ్గించి అడిగింది. “ఈ మధ్య ఆయన ఎలా ఉన్నారు? రేపు పార్లమెంటులో అవిశ్వాసం మీద ఓటు ఉంది కదా. ఎటు వెయ్యాలో తేల్చుకున్నారా?”

మైలిస్ కండువా కొనని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

“చెప్పు మైలిస్.”

“ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.”

“ఎవరికిచ్చావో ఆయన పక్క గదిలో నేల మీద పడున్నాడు. నీ పిల్లాడు ఆకలితో ఉన్నాడు. ఇంకెవరి కోసం దాస్తావు?”

మైలిస్ కళ్ళు మూసుకుంది. “ఓటు వెయ్యరు మేడమ్. రేపు సభలో లేచి రాజీనామా చేస్తున్నానని చెప్దామనుకున్నారు. పార్టీ పెద్దలు ఆ అతివాదులతో చేతులు కలిపారని తెలిశాక మూడు రోజులు నిద్రపోలేదాయన. ఈ పొత్తు కోసం నాకు జనం ఓటెయ్యలేదు, ఈ కుర్చీ వాళ్ళకే తిరిగిచ్చేస్తాను, కావాలంటే మళ్ళీ వాళ్ళ ముందుకే వెళ్తాను అన్నారు.”

“ఇంకెవరికి తెలుసు?”

“శనివారం సాయంత్రం దాకా నాకొక్కదానికే. కానీ ఇంటికి వెళ్తూ అన్నారు, రెండో పేరుకి మాత్రం నా నోటితో నేనే చెప్పాలి, పత్రికల్లో చూసి తెలుసుకుంటే బాగుండదు, సోమవారం పొద్దున్నే పిలుస్తాను అని.”

‘రెండో పేరు’ అంటే ఏమిటో ఆ గదిలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. ఓటు చీటీ మీద అభ్యర్థి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద ఇంకో పేరు ఉంటుంది, చిన్న అక్షరాల్లో, ఆయనకేమైనా అయితే ఆ కుర్చీలో కూర్చునే మనిషిది. ఆ పేరు ఎవరిదో సాధారణంగా ఎవరికీ గుర్తుండదు. ఓబ్రియో చీటీ మీద మూడు ఎన్నికల నుంచీ ఒకే పేరు. రోలాండ్ పెర్నే.

సోమవారం అంటే ఇవాళే.

ఒదీల్ గోడ గడియారం వైపు చూసింది. ఒంటిగంట దాటుతోంది. యుగెత్ ఇల్లు రెండు వీధుల అవతలే. పిల్లాడు ఇంకా రాలేదు.

“నేనోసారి లోపల చూసొస్తాను,” అని లేచింది.

లోపలి గదిలో హీటరు కట్టేసినా వేడి ఇంకా తగ్గలేదు. గిలాన్ ఓబ్రియో పాలరాతి గూటి ముందు వెల్లకిలా పడి ఉన్నాడు. బూట్లు తుడిచి ఉన్నాయి, టై బిగించి ఉంది. కుడి భుజం మీంచి ఎడమ నడుం దాకా పట్టీ, బంగారు కుచ్చులతో. ఒక్క ముడత లేదు. పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినంత శుభ్రంగా ఉంది.

ఒదీల్ మోకాళ్ళ మీద కూర్చుంది. చేతి తొడుగు వేసుకుని, పట్టీ అంచుని భుజం దగ్గర కొద్దిగా ఎత్తింది. కోటు కాలరు మీద నెత్తురు ఎండి అట్ట కట్టింది. నెత్తురు కాలరు నుంచి భుజం దాకా జారింది. పట్టీకి అడుగున మాత్రం కొంచెం గోధుమరంగు మరక. పైన ఏమీ లేదు.

నెత్తురు కారి, ఆరడం మొదలయ్యాక వేశారు పట్టీ.

ఆమె లేచి నిలబడింది. అయినా ఇంకేదో ఉంది. లోపలికి వచ్చినప్పటి నుంచీ కంట్లో నలుసులా ఏదో గుచ్చుకుంటోంది. శవాన్ని చూసింది. మళ్ళీ చూసింది. నీలం, తెలుపు, ఎరుపు. రోజూ చూసే రంగులే. ఆఫీసు గుమ్మం మీద, స్కూలు గోడ మీద, తన టోపీ మీద.

తన ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా. అక్కడ అంటించిన పెళ్ళి ఫోటోలో మొగుడు కళ్ళు మూసుకున్నాడు, తను వెర్రిగా నవ్వుతోంది, మధ్యలో మేయరు పట్టీతో. పదిహేనేళ్ళుగా పాలు తీసుకునేటప్పుడల్లా చూసే ఫోటో. ఆ మేయరు మెడ దగ్గర నీలం.

ఇందాక నల్ల కోటు మీద కూడా మెడ దగ్గర నీలమే.

ఈ శవం మీదా నీలమే.

ఒదీల్ గిర్రున గోడ వైపు తిరిగింది. ఓబ్రియో ఫోటోలు వరసగా వేలాడుతున్నాయి. పాల సహకార సంఘం ప్రారంభం. వంతెన ప్రారంభం. కిందటేడు ఇదే రోజు, ఇదే స్తంభం దగ్గర. అన్నిట్లోనూ అదే పట్టీ, అదే భుజం. అన్నిట్లోనూ మెడ దగ్గర ఎరుపు.

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి, గొంతు మామూలుగా ఉంచుకుంటూ పిలిచింది. “మైలిస్, ఒక్కసారి ఆ కండువా తీసి ఈ కమాండర్ గారికి పట్టీలాగా వెయ్యి. సార్‌కి వేసినట్టే.”

“ఏమిటీ వేషాలు?” అన్నాడు దుక్రో.

“నిలబడు ఫాబ్రిస్. నీకేం పోదు.”

కండువా మీద ఒక అంచున ఎర్ర గీత ఉంది. మైలిస్ వణుకుతున్న చేతులతో దాన్ని అతని కుడి భుజం మీద వేసింది. ఆలోచించనే లేదు. ఎర్ర గీత మెడ వైపు పెట్టి, వేలితో ఒకసారి నిమిరింది.

“ఎందుకు అటు పెట్టావు?”

“ఎటు? ఓ... ఎంపీలకి ఎరుపు మెడ దగ్గరుండాలి మేడమ్. చేరిన మొదటి రోజే చెప్పారు సార్. తిప్పి వేస్తే నేను మళ్ళీ మేయర్ని అయిపోతానే పిల్లా అని నవ్వేవారు. మేయర్లకి నీలం కదా.”

“రా ఫాబ్రిస్. లోపలికొచ్చి మీ ఎంపీ గారిని చూడు.”

దుక్రో కండువా మైలిస్ చేతుల్లోకి విసిరేసి వచ్చాడు. శవాన్ని చూశాడు. ఫోటోలు చూశాడు. మళ్ళీ శవాన్ని చూశాడు. ముఖం కందగడ్డలా అయింది గాని, ఓడిపోవడం అతనికి అలవాటు లేదు.

“కంగారులో తిప్పి వేసుంటుంది.”

“కంగారులో చెయ్యి అలవాటైన పనే చేస్తుంది. ఇందాక చూశావుగా, చేతులు వణుకుతున్నా ఎటు పెట్టాలో తడుముకోలేదు. ఇతనికి పట్టీ వేసిన చేతులకి నీలం మెడ దగ్గర పెట్టడం అలవాటు. వారం వారం, పద్దెనిమిదేళ్ళుగా.”

దుక్రో ఆమె వైపు తిరిగాడు. “నీకు మతి పోయిందా? రోలాండ్ పెర్నేనా?”

“వెనక పెరటి తలుపు తాళం ఒకటి ఆవిడ దగ్గరుంది, ఎన్నికల ప్రచారం నాటి నుంచీ. ఊరందరికీ తెలుసు. పొద్దున్నే ఈయన పిలిచాడు, వచ్చింది. తొమ్మిదిన్నర లోపు పని అయిపోయింది. హీటరు ఫుల్లుగా పెట్టింది, శవం చల్లబడకుండా. ఆయన జేబులోని పట్టీ తీసి వేసింది, పదిన్నరకి బతికున్నాడని అందరూ అనుకోవడానికి. ఆ టైముకి తను ఊరందరి ఎదుట స్తంభం దగ్గరుంది. నువ్వన్నావే, పట్టీ చెప్తోందని. నీకు ఏం చెప్పమని నేర్పి పెట్టిందో అదే చెప్పింది.”

“సరే, ఎందుకు చంపుతుంది?” దుక్రో గొంతు పెంచాడు. “రాజీనామా చేస్తున్నాడన్నారుగా! ఆయన దిగిపోతే కుర్చీ రెండో పేరుకే కదా వచ్చేది? రేపటిదాకా ఆగితే చాలు, పుణ్యానికి ఎంపీ అయ్యేది. చంపి నెత్తి మీదికి తెచ్చుకోవడం దేనికి?”

“అక్కడే నువ్వూ తప్పు చేస్తున్నావు. సగం దేశం ఇలాగే అనుకుంటుంది.” ఒదీల్ ఒక్కో మాటా నొక్కి చెప్పింది. “ఎంపీ చనిపోతే సీటు రెండో పేరుకి వెళ్తుంది. రాజీనామా చేస్తే వెళ్ళదు. మళ్ళీ ఎన్నిక పెట్టాలి. మా నాన్న ఈ ఊళ్ళో పార్టీ పోస్టర్లు అంటించి ముసలాడయ్యాడు, నాకిది అన్నంతో పాటు పెట్టిన విద్య. ఎన్నికంటూ వస్తే పార్టీ టికెట్టు ఎవరికిస్తుంది? పారిస్ నుంచి దింపడానికి ఒక కుర్రాణ్ణి అప్పుడే సిద్ధం చేశారని పొద్దున కాఫీ కొట్టులో కూడా అనుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ళు మేయరుగా చేసి, మూడు ఎన్నికలు చిన్న అక్షరాల్లో పడి ఉన్న మనిషికి దక్కేది సున్నా. ఆయన రేపు నోరు తెరిస్తే ఆవిడ బతుకంతా ఎదురుచూసింది పోయింది. ఇవాళే పోతే మాత్రం సీటు ఇంటికొస్తుంది. ఒక్క ఓటు కూడా అడగక్కర్లేదు.”

దుక్రో నెమ్మదిగా కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. “దీంతో కోర్టులో నిలబడలేవు ఒదీల్. ఒక రంగుతో.”

“తెలుసు. ఆవిణ్ణి ఇవాళే కూర్చోబెట్టి అడగాలి.”

“ఇవాళే,” అన్నాడతను. గొంతులో వెటకారం లేదిప్పుడు. “రేపు మధ్యాహ్నం సభ మొదలవగానే ఆవిడ పేరు చదువుతారు. చదివారంటే ఎంపీ. ఆ తర్వాత పార్లమెంటు ఒప్పుకోనిదే మనం ఆవిణ్ణి కస్టడీలో పెట్టలేం. ఈ పొత్తులో ఆవిడ ఓటు కావాల్సిన పార్టీ ఒప్పుకోనిస్తుందా? నెలలు పడుతుంది. అందాకా...”

అతను మాట మధ్యలో ఆపి ముందు గది వైపు చూశాడు. అందాకా ఎవరో ఒకరు ముద్దాయిగా ఉండాలి. ఆ ఒక్కరు తడిచొక్కాతో కూర్చుని గుమ్మం వైపే చూస్తోంది.

“మేడమ్,” అని పిలిచింది మైలిస్ అక్కడి నుంచి. “లినో ఇంకా రాలేదేం?”

ఒదీల్ చేతి గడియారం చూసుకుంది.

రాజీనామా మాట ఆయన నోట విన్న మనిషి, రోలాండ్ కాక, ఈ భూమ్మీద మైలిస్ ఒక్కతే మిగిలింది. ఆ సంగతి ఆయనే పొద్దున రోలాండ్‌తో అని ఉంటాడు. ఆ మాట బయటికి రాకపోతే రోలాండ్‌కు హత్య చేయాల్సిన కారణమే లేదు. ఆ ఒక్కదాని నోరు మూయించడానికి ఏం కావాలో రోలాండ్‌కు తెలుసు. తీసుకురావచ్చా అని అడిగి మరీ వెళ్ళింది.

తప్పకుండా తీసుకురండి అన్నది ఎవరు?

ఫోన్ తీసి, మైలిస్‌ని యుగెత్ నంబరు అడిగి కలిపింది. చాలాసేపు మోగాక ముసలావిడ ఎత్తింది.

“పిల్లాడా? ఎప్పుడో తీసుకెళ్ళిపోయిందమ్మా మేయరు! పన్నెండున్నర కూడా కాలేదు. తల్లి తెమ్మందని చెప్పింది. సంచీ ఇస్తానన్నా పట్టించుకోలేదు, దుప్పటి కూడా వదిలేసింది. ఏం, చేరలేదా?”

“చేరాడు బామ్మా. ఊరికే అడిగాను.”

ఒదీల్ ఫోన్ పెట్టేసింది. దుక్రో ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాడు. తన మనుషులకి సైగ చేస్తూ వీధి తలుపు వైపు నడిచాడు. పదేళ్ళలో మొదటిసారి అతను ఆమె చెప్పకుండానే ఆమె పని చేశాడు.

అంతలో ఆమె చేతిలోని ఫోనే మోగింది. మేయరు నంబరు.

“కెప్టెన్ గారూ,” అంది రోలాండ్ గొంతు. పెళ్ళిళ్ళలో ప్రమాణాలు చదివే గొంతే, అంత మెత్తగా ఉంది. “పిల్లాడు క్షేమం. నా దగ్గరే ఉన్నాడు. ఆ గదిలో శవం ఉంది, పసివాణ్ణి అక్కడికి తేవడం మంచిది కాదనిపించింది. మైలిస్ ఏమైనా చెప్పిందా?”

“లేదు మేయర్ గారూ. ఏడుస్తోంది, అంతే.”

“మంచి పిల్ల. ఏడవనివ్వండి. రేపు సాయంత్రం దాకా ఏమీ చెప్పకుండా ఉంటే చాలని నా మాటగా చెప్పండి. కమాండర్ గారు కస్టడీలో పెడతానన్నారుగా, పెట్టనివ్వండి. రేపు సాయంత్రం పిల్లాణ్ణి నేనే తీసుకొచ్చి ఒళ్ళో పెడతాను.”

“వాడు సీసా తాగడు మేయర్ గారూ. రేపటిదాకా ఎలా ఉంటాడు?”

“అందుకే నోరు విప్పాలో వద్దో త్వరగా తేల్చుకోమని చెప్పండి,” అంది రోలాండ్. “మీరు మాత్రం నా ఇంటికి రాకండి. నేను ఇంట్లో లేను.”

ఆ మాట వెనక, ఎక్కడో ఖాళీ హాల్లో నుంచి వచ్చినట్టు, పసివాడి ఏడుపు వినిపించింది. ఒదీల్ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది, అవతలికి వినబడకుండా. ఆలస్యమైపోయింది. మైలిస్ ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. కండువా కింద పడిపోయింది. ఆరుతున్న చొక్కా ఆ ఏడుపు వినగానే మళ్ళీ తడిసిపోతోంది.

ఆమె ఏడవలేదు. అరవలేదు. తల కొంచెం వంచి, ఆ ఏడుపు మొత్తం విన్నది.

“అది ఆకలి ఏడుపు కాదు మేడమ్,” అంది గుసగుసగా. “వాడికి చలేస్తోంది.”